శుక్రవారం సాక్ష్యం, శనివారం నీళ్లు

కొత్తగా స్పానరు పట్టిన తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! నేను రిటైరై ఏడాది దాటింది. నాచారం పారిశ్రామికవాడలో ఒకే వర్క్‌షాపులో ముప్పయ్యేళ్లు పనిచేశాను. చివరి పన్నెండేళ్లు హెడ్ మెకానిక్‌ని. ఎన్ని ఇంజన్లు విప్పానో ఆ ప్రభువుకే తెలియాలి. చాలావాటిని మరిచిపోయాను. ఒక్క బండి మాత్రం ఇప్పటికీ నా కళ్లముందు నీళ్లు చిమ్ముకుంటూ పరుగెడుతూనే ఉంటుంది. అది గుర్తొస్తే ఈ వయసులో కూడా కూర్చున్నచోట కూర్చోలేను. లేచి అటూ ఇటూ తిరుగుతాను. మా ఆవిడ వంటింట్లోంచే, "ఏందీ, మళ్ల ఆ బండేనా?" అంటుంది. అవును, మళ్లీ ఆ బండే!

అది ఏటీవీ. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను: నాలుగు లావుపాటి చక్రాలు, మోటారు సైకిల్ మాదిరి హ్యాండిలు, గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు చెరోపక్క వేసి కూర్చునే సీటు. రోడ్డు కోసం చేసింది కాదు. బురద, రాళ్లు, గుంటలు, ఇవే దాని దారి. మా వర్క్‌షాపు అసలు పని జనరేటర్లు, నీటి పంపులు, టూవీలర్లు. ఊరవతల రిసార్టులవాళ్లు ఇలాంటి బండ్లు కొనడం మొదలుపెట్టాక అవి కూడా మా దగ్గరికి రాసాగాయి.

ఈ బండి మాత్రం రిసార్టుది కాదు. ఒకమ్మాయి సొంత బండి. అమ్మాయి అంటున్నానుగానీ ముప్పై దాటిన మనిషి. హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో ల్యాబ్ టెక్నీషియన్. తండ్రి రైల్వేలో చేశాడు. ఉప్పల్లోనే పుట్టి పెరిగింది. భర్తకు మేడిపల్లిలో చిన్న మందుల షాపు. వారమంతా గాజు గొట్టాల్లోకి చుక్కలు లెక్కపెట్టి పోసే ఆ మనిషి, సెలవు దొరికితే చాలు, బురద పందేలకు పోయేది. పందెంలో మొదట రావాలన్న ఆశ కూడా ఆమెకు లేదు. చివరి గీత దాటాలి, అంతే. అదే జరగడం లేదు. రెండు పందేల్లో దిగింది. రెండుసార్లూ నీటి గుంట దాటగానే ఇంజన్ దగ్గి, తుమ్మి, ఈడ్చుకుంటూ పోయి ఆగిపోయింది.

రెండోసారి ఆగిపోయాక బండిని మా దగ్గర దించి, హెల్మెట్ తియ్యకుండానే చెప్పింది.

"అంకుల్, మూడోది ఈ నెలాఖరుల ఉన్నది. అండ్ల గూడ గీత దాటకపోతె బండి అమ్మేస్త. సైనిక్‌పురిల ఒకాయన ఎప్పటిసంది అడుగుతుండు. పందెం తెల్లారి సోమవారం రమ్మన్న."

"మీ ఇంట్ల ఎవరన్న ఏమన్న అన్నరా బిడ్డా?"

"ఎవ్వరేమన్లే. నేనే అనుకున్న. ఆగిపోయిన బండి మీద కూసొని, ఒక్కొక్కళ్లు పక్కకెళ్లి పోతుంటె సూసుడు ఎట్లుంటదో మీకు తెల్వదంకుల్. మూడోసారి నాతోని గాదు."

అప్పుడు నేనేమన్నానో తెలుసా? ఈ బండికి ఎక్సలేటర్ చేతితో తిప్పేది కాదు, కుడి బొటనవేలితో నొక్కేది. "బిడ్డా, నీళ్లల్లకెళ్లి బయటికి రాంగనే నువ్వు ఒక్కసారి గట్టిగ నొక్కుతున్నవ్. గందుకే ఆగుతుంది. జర మెల్లగ నొక్కు" అన్నాను. పెద్దమనిషిలా తల పంకించి మరీ అన్నాను. ఆమె తన బొటనవేలి వంక చూసుకుంది. ఆ చూపు నాకు అప్పుడు పట్టలేదు.

మా వర్క్‌షాపులో నాతోపాటు చెప్పుకోదగ్గవాళ్లు ఇద్దరు. ఒకరు మా ఓనరు. ప్రభుత్వరంగ కర్మాగారంలో ఇంజనీరుగా చేసి బయటికొచ్చిన గోదావరి జిల్లా మనిషి. మేం సారు అనేవాళ్లం. ప్రతి బండికీ ఒక కార్డు ఉండాలి, ఏం చేశామో దాని మీద రాయాలి అని ప్రాణం తీసేవారు. రెండో మనిషి మా ఎలక్ట్రీషియన్, జనగామ వైపు నుంచి వచ్చినవాడు. నాకంటే పదేళ్లు చిన్న. హనుమంతుడి భక్తుడు, శనివారం ఒక్కపొద్దు. నేనేమో యేసు ప్రభువు బిడ్డను, సంఘ పెద్దను, శుక్రవారం ఉపవాసం. "మనిద్దరి పుణ్యాన క్యాంటీనోడు వారానికి రెండు టిఫిన్లు నష్టపోతుండు అన్నా" అని నవ్వేవాడు. శుక్రవారం నా ముందు మిర్చి బజ్జీ తినేవాడు. శనివారం నేనూ ఊరుకునేవాణ్ణి కాదు.

పందెం ఆదివారం. దానికి ముందు గురువారం ఆ బండిని విప్పాను. నీళ్లలో తిరిగిన ఇంజన్ సరిగా నడవకపోతే చూడాల్సినవి మీకు తెలుసు. ఎయిర్ ఫిల్టర్ తడిసిందా, ఇంజన్ ఆయిలు చాయ్ రంగుకు తిరిగిందా, ప్లగ్‌కు నిప్పు సరిగా వస్తోందా, కార్బురేటర్‌లో నీళ్లు చేరాయా. ఫిల్టర్ పొడిగా ఉంది. ఆయిలు శుభ్రంగా ఉంది. కార్బురేటర్ అడుగు స్క్రూ వదిలితే కొంచెం నీళ్లు వచ్చాయి. అది నీళ్లలో పడిన ప్రతి బండికీ ఉండేదే కదా అని తీసి పారబోశాను. ప్లగ్ దగ్గరికొచ్చేసరికి ఆగాను. పనికి ముందు రెండు నిమిషాలు ప్రార్థన చేసుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు. ఆ రోజు కళ్లు తెరవగానే ప్లగ్ క్యాప్ మీద వెంట్రుకంత పగులు కనిపించింది! అబ్బ, నా సంతోషం ఏం చెప్పను! పగుల్లోకి నీళ్లు పోతాయి, నిప్పు పక్కదారి పడుతుంది, ఇంజన్ మిస్సింగ్ కొడుతుంది. ఎంత చక్కగా అతికిందో చూడండి. కొత్త క్యాప్ వేశాను. నాచారం నుంచి హబ్సిగూడ దాకా బండిని ట్రాలీలో తీసుకెళ్లి, తెలిసినవాళ్ల ఖాళీ స్థలంలో దుమ్ము రేగేలా తోలాను. పులిలా ఉరికింది. తిరిగొచ్చి ప్లగ్ మీద నీటి పైపు కూడా పెట్టాను. చలించలేదు.

కార్డు మీద రాశాను: 'ప్లగ్ క్యాప్ మార్చడమైనది.' అంతే రాశాను.

మరుసటి రోజు శుక్రవారం ఉపవాస ప్రార్థన. మా సంఘంలో పాటలయ్యాక పాస్టరు గారు, "సాక్ష్యాలు ఉన్నవాళ్లు ముందుకు రావచ్చు" అంటారు. ఆ వారం దేవుడు తమ జీవితంలో చేసిన మేలును లేచి చెప్పడమే సాక్ష్యం. సంఘమంతా స్తోత్రం చెబుతుంది. నేను చిన్నప్పుడే ఆదివారపు బడిలో లేఖనాలు కంఠతా పట్టినవాణ్ణి. మాటకేం కొదువ? లేచాను. రెండు పందేలు ఓడిన బిడ్డ, పట్టుబడని జబ్బు, నేను మోకరించగానే ప్రభువు వేలు పెట్టి చూపించిన పగులు. ఆ పగులు చెప్పేసరికి వెంట్రుకంత ఉన్నది వేలంత అయింది. హాలు మొత్తం "స్తోత్రం!" అంది. చప్పట్లు కొట్టారు. మా ఆవిడ స్త్రీల వైపు నుంచి నన్ను చూసిన చూపు పెళ్లినాటి చూపు.

ఇక్కడే తమ్ముళ్లారా, నేను చేసిన తప్పు. బండి ఇంకా ఒక్క నీటిగుంట కూడా దాటలేదు. నేను అప్పుడే దానిమీద సాక్ష్యం చెప్పేశాను.

శనివారం పొద్దున వర్క్‌షాపులో కూడా అదే కథ చెప్పాను. ఎలక్ట్రీషియన్ ఒక్కపొద్దు మీద ఉన్నాడు. చిరాకుగా ఉన్నాడు. అయినా విన్నాడు. సగంలో ఉండగానే నా ఫోను మోగింది. ఆమె.

"అంకుల్, మేడిపల్లి అవతల పందెం జాగల ప్రాక్టీసుకు వచ్చిన. మొదటి గుంటల్నే ఆగిపోయింది." ఏడుస్తోందేమో తెలియదు. వానచప్పుడులో వినబడలేదు.

పది గంటలకల్లా బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి తెచ్చేసింది. బురదలో మునిగిన బట్టలతోనే ఆఫీసు గది మెట్టు మీద కూర్చుంది. ఆ వారమంతా వానలు. మా గల్లీలో నీళ్లు మోకాలిదాకా నిలిచి ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ బయటికి చూసి, "గుంట కోసం మేడిపల్లి దాక ఎందుకన్నా, మన గల్లీకే వచ్చింది" అన్నాడు.

నిజమే! బండిని గల్లీలోకి తోశాం. సెల్ఫ్ కొడితే కొంచెం దగ్గి స్టార్టయింది. కార్బురేటర్ నీళ్లు తీశాక ఇంకా బాగా నడిచింది. నీళ్లలో నిలబెట్టి ఎక్సలేటర్ ఇస్తే నిమిషం సేపు బ్రహ్మాండంగా ఉంది. తర్వాత దగ్గు. తర్వాత తుమ్ము. తర్వాత చచ్చిపోయింది. అక్కడే, మా కళ్లముందే! జబ్బు మా చేతికి దొరికింది. మెకానిక్‌కు ఇంతకంటే ఏం కావాలి?

"ప్లగ్ తీసి సూడు తమ్మీ. కరెంట్ పోతుంది" అన్నాను.

అతను ఆ నీళ్లలోనే నిలబడి, విడి ప్లగ్ ఒకటి క్యాప్‌కు తగిలించి సెల్ఫ్ కొట్టాడు. నీలంగా, టపటపమని నిప్పు.

"మస్తుగొస్తుందన్నా."

"మళ్ల సూడు."

"వస్తుంది."

"వైరింగ్ల ఏడనో తడి ఉన్నది. మొత్తం విప్పు."

విప్పాడు. తుడిచాడు. పెట్టాడు. మళ్లీ నిప్పు వచ్చింది, మళ్లీ ఇంజన్ చచ్చింది. కాయిల్ మార్చమన్నాను. మార్చాడు. అదే కథ. ఇంకోసారి చూడమన్నాను. మధ్యాహ్నం ఒంటిగంట. వాడి కడుపులో పొద్దున తాగిన టీ తప్ప ఏమీ లేదు. స్క్రూడ్రైవరు సీటు మీద పెట్టి నావైపు తిరిగాడు.

"అన్నా, ఒక మాట అడుగుత. నువ్వు బండిని సూస్తున్నవా, నిన్నటి మీటింగును సూస్తున్నవా?"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. కోపమొచ్చింది. కానీ అదే నిజం. జబ్బు ప్లగ్‌ది కాదని ఒప్పుకుంటే శుక్రవారం చెప్పిన సాక్ష్యం ఏమవుతుంది? ఆ చప్పట్లేమవుతాయి? పొద్దున్నుంచి నేను కాపాడుతున్నది ఆ బిడ్డ పందేన్ని కాదు, నా మాటను.

అప్పటికే సారు ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగారు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో కార్డు. "ఏమండీ, గురువారం క్యాప్ మార్చారు. ఇంకేం చేశారు?"

"ఏమ్లే సార్. కార్బురేటర్ల నీళ్లు తీసిన. అది రోజు జేసేదే గదా."

"కార్డులో రాయలేదేం?" సారు కార్డును నా ముందుకు చాపారు. "ఒకేసారి రెండు పనులు చేశారు. బండి బాగుపడింది. మరి ఏ పని వల్ల బాగుపడిందండీ?"

అంతే! నా తలలో దీపం వెలిగినట్టయింది. బండి బాగుపడింది నీళ్లు తీసినందుకు. మెప్పు కొట్టేసింది క్యాప్. ప్రభువు నాకు ప్లగ్ క్యాప్ చూపించలేదు. ప్లగ్ క్యాప్‌ను నేను చూశాను. చూసినదాని మీద ఆయన పేరు రాసుకున్నాను.

"తమ్మీ, స్క్రూ వదులు!" అని అరిచాను. నా అరుపుకు వాడే ఉలిక్కిపడ్డాడు. నీళ్లలో చచ్చిన బండి కార్బురేటర్ అడుగు స్క్రూ వదిలి కింద గాజు గ్లాసు పట్టాం. ముందు నీళ్లు, ఆ తర్వాత పెట్రోలు. ఇంతకుముందే తీశాం కదా, మళ్లీ నీళ్లు ఎక్కడివి? అంటే నిలబడ్డ నిమిషంలోనే లోపలికి పోతున్నాయి. ఫిల్టర్ గూడు విప్పి చూశాం. పొడి. పెట్రోలు ట్యాంకు మూత తీసి చూశాం. శుభ్రం.

సారు మెల్లగా అన్నారు. "కార్బురేటర్‌లోకి దారులెన్నండీ? లెక్కపెట్టండి."

పెట్రోలు వచ్చే దారి. గాలి వచ్చే దారి. ఇంకొకటి ఉంటుంది. మనం చూసీ చూడనట్టు వదిలేసేది. కార్బురేటర్ గిన్నె ఊపిరి పీల్చుకునే సన్నటి రబ్బరు పైపు. నూనె డబ్బాకు ఒకే చిల్లు పొడిస్తే నూనె సరిగా పడదు. గాలి పోవడానికి రెండో చిల్లు పొడవాలి. ఆ రెండో చిల్లే ఈ పైపు. దాని కొస నీళ్లలో ఉంటే గిన్నె గాలికి బదులు నీళ్లు పీలుస్తుంది.

కార్బురేటర్ పక్కన ఆ పైపును పట్టుకుని చేత్తో తడుముకుంటూ కిందికి పోయాను. బురదనీళ్లలో ఏమీ కనబడదు. వేళ్లే కళ్లు. ఇంజన్ పక్క నుంచి, ఫ్రేము వెంట, ఇంకా కిందికి. ఒకచోట వైర్లు కట్టే ప్లాస్టిక్ టై తగిలింది. ముడి లోపలివైపుకు తిప్పి, తోక మొదలంటా కోసి ఉంది.

తమ్ముళ్లారా, నీళ్లలో నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. టై తోకను మొదలంటా కోసి, ముడి లోపలికి తిప్పేది ఆ వర్క్‌షాపులో నేనొక్కణ్ణే. చేతికి గీసుకోకూడదని నా గురువు నేర్పిన పని. అది నా కట్టు!

అప్పుడు గుర్తొచ్చింది. నాలుగు నెలల కింద ఆమె ఈ బండిని మొదటిసారి సర్వీసింగుకు తెచ్చినప్పుడు ఆ పైపు పైకి, హ్యాండిలు కిందికి పోయి ఉంది. 'పెట్రోలు వాసన ముక్కుకొస్తది, ఎవడో తెలివి లేనోడు కట్టిండు' అనుకుని, టూవీలర్లకు చేసినట్టు చక్కగా కిందికి దించి ఫ్రేముకు కట్టాను. కంపెనీవాళ్లు దాన్ని పైన పెట్టింది ఈ బండి నీళ్లలో దిగుతుందనే. ముప్పయ్యేళ్లు రోడ్డు బండ్లు చూసిన చెయ్యి, నీటి బండి గొంతుకు ముడి వేసింది. రెండు పందేలూ ఆపింది నేనే.

టై కోశాను. పైపు విదిలించి పైకి ఎత్తి పట్టుకున్నాను. "నీళ్లు తీసి కొట్టు తమ్మీ!"

కొట్టాడు. స్టార్టయింది! మోకాలిలోతు నీళ్లలో నిమిషం నడిచింది. రెండు నిమిషాలు. ఐదు నిమిషాలు. వాడు ఎక్సలేటర్ నొక్కితే బండి గర్జించింది. అదే సమయానికి పక్క ఫ్యాక్టరీల షిఫ్టు వదిలారు. ప్యాంట్లు మడుచుకుని, చెప్పులు చేతబట్టుకుని నీళ్లలో పోతున్న మనుషులంతా ఆగిపోయారు. ఒకాయన ఈల వేశాడు. ఇంకొకాయన, "ఏ అన్నా, నన్ను జర మెయిన్ రోడ్డు దాక దించు!" అని అరిచాడు. ఎలక్ట్రీషియన్ ఒక్కపొద్దు మరిచి గంతులేశాడు. నేను పైపు పట్టుకున్న చెయ్యి దించకుండానే స్తోత్రం చెప్పాను.

చెప్పాక మెట్టు వైపు చూశాను. ఆమె లేచి నిలబడి ఉంది. ఇక దాచడానికి లేదు. వెళ్లి చెప్పాను.

"బిడ్డా, ఆ పైపు కిందికి కట్టింది నేనే. నీ రెండు పందేలు నా వల్లనే పోయినయ్. నువ్వు నొక్కుడుల తప్పేం లేకుండె. నన్ను మాఫ్ జెయ్యి."

నవ్వి ఊరుకుంటుందని అనుకున్నాను. ఊరుకోలేదు.

"మూడు వారాలు అంకుల్! మూడు వారాలసంది నా బొటనవేలిని తిట్టుకుంటున్న. ల్యాబుల కూసొని టేబులు అంచు మీద మెల్లగ నొక్కుడు ప్రాక్టీసు జేసిన. నాకు శాతగాదు, బండి అమ్ముకుంటెనే మంచిదని మా ఆయనకు నేనే జెప్పిన. గంత ధీమాగ ఎట్లన్నరు?"

తల దించుకుని నిలబడ్డాను. ఆమె చెయ్యి చాపింది. "ఆ పైపు ఎక్కడ కట్టాల్నో సూపెట్టుండ్రి. నేనే కడత." హ్యాండిలు కింద, అన్నిటికంటే ఎత్తున, ఆమే కట్టుకుంది. టై తోక కొయ్యలేదు. "పొడుగ్గుండనీ. కనబడాలె" అంది.

ఆ సాయంత్రం కార్డు మీద మొత్తం రాశాను. గురువారం రాయనిదీ, నాలుగు నెలల కిందటిదీ. సారు చదివి సంతకం పెట్టారు.

ఆదివారం మొదటి ఆరాధన పొద్దున ఆరున్నరకు. సాక్ష్యాల సమయం వచ్చింది. లేచాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. పగులు వేలంత కాదు, వెంట్రుకంత అని కూడా చెప్పాను. "నేను పరీక్షించకముందే దేవుని పేరు వాడుకున్నాను. సంఘం నన్ను క్షమించాలి" అన్నాను. పాస్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. వెనక వరసలోంచి ఒక ముసలమ్మ గొంతు వినిపించింది.

"అయితె పెద్దయ్యా, మొన్న కొట్టిన చప్పట్లు వాపస్ తీసుకోవాల్నా?"

హాలు హాలంతా నవ్వింది! పాస్టరు గారు కూడా. "వాపస్ అక్కర్లేదమ్మా. శుక్రవారం ముందుగాల కొట్టినం, గంతే. ఈ సాక్ష్యానికి జమ జేద్దాం" అన్నారు. లేఖనాల్లో ఒప్పుకోలు గురించి నేను ఎంతమందికి బోధించి ఉంటానో! అది ఇంత తేలికపరుస్తుందని ఆ రోజుదాకా నాకే తెలియదు. ఆశీర్వాదం అయ్యీ కాగానే బయటికి పరుగెత్తాను. గేటు ముందు ఎలక్ట్రీషియన్ స్కూటరు స్టార్ట్ చేసి ఉంచాడు. "ఎక్కన్నా ఎక్కు! పదకొండుకే జెండ ఊపుతరంట!"

ఉప్పల్ చౌరస్తా దాటి, వరంగల్ రోడ్డు మీద మేడిపల్లి దాటి, ఒక మట్టిదారిలో దిగాం. పాత క్వారీ చుట్టూ పందెం. మొత్తం నాలుగు చుట్లు. ప్రతి చుట్టులో ఒకసారి వాననీళ్లు నిండిన గుంట దాటాలి. కుడివైపు జెండాలు పాతిన చోట మోకాలిలోతు. ఎడమవైపు ఎంత లోతో ఎవరికీ తెలియదు. ఆమె భర్త అప్పటికే ఒడ్డున ఉన్నాడు, ఒక చేతిలో ఆమె సంచి, ఇంకో చేతిలో ఫోను. మమ్మల్ని చూసి తల ఊపాడు.

జెండా ఊపారు. పదిహేను బండ్లు ఒక్కసారి లేచిపోయాయి! మొదటి చుట్టు. గుంటలోకి దిగింది, నీళ్లు రెండు గోడల్లా లేచాయి, బయటికొచ్చింది. ఇంజన్ శబ్దం చెక్కుచెదరలేదు. ఎలక్ట్రీషియన్ నా భుజం మీద ఒకటి చరిచాడు. రెండో చుట్టు. బయటికొచ్చింది. ఇంకోటి చరిచాడు. మూడో చుట్టుకు రెండు బండ్లు గుంటలో ఆగిపోయాయి, వాటిని తాళ్లతో లాగారు. ఆమె ఆగలేదు. ఏడో స్థానమో, ఎనిమిదో స్థానమో. అది ఎవరికి కావాలి!

నాలుగో చుట్టు. ఆమె గుంట అంచుకు వచ్చేసరికి ముందుపోతున్న ఎర్ర బండి జెండాల దారి మధ్యలో గిర్రున తిరిగి అడ్డంగా ఆగింది. దారి మూసుకుపోయింది. వెనక నుంచి ఇంకో బండి వస్తోంది. ఆగితే గుద్దుతుంది. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. హ్యాండిలు ఎడమకు తిప్పింది.

"వద్దు వద్దు వద్దు" అన్నాడు భర్త, తనలో తాను.

బండి దిగింది. చక్రాలు మునిగాయి. కాళ్లు పెట్టుకునే చోటు మునిగింది. నీళ్లు సీటుదాకా వచ్చాయి. ఇంజన్ శబ్దం మారిపోయింది, బిందెలో గాలి ఊదినట్టు గుడుగుడుమని. సైలెన్సర్ నీళ్లలో ఉంది. నేను ప్రార్థించానా? ప్రార్థించాను. గెలిపించమని కాదు. నా చేతులు చేసిన కీడు అక్కడితో ఆగిపోవాలని. ఆ గుడుగుడు మాత్రం ఆగలేదు. మొదట ముందు చక్రాలు లేచాయి, వాటితో పాటే హ్యాండిలు కింద నీళ్లకు అందని ఆ టై తోక, ఆ తర్వాత బండి మొత్తం బురదను వెనక్కి కక్కుతూ గట్టెక్కింది! ఎలక్ట్రీషియన్ ఈసారి నా భుజం కాదు, నన్నే ఎత్తి దించాడు. నా చెప్పు ఒకటి ఎటో పోయింది.

ఆమె గీత దాటింది. ఆరో స్థానం అని తర్వాత తెలిసింది. గీత దాటినవాళ్లంతా బండ్లు ఆపి హెల్మెట్లు తీస్తున్నారు. ఆమె ఆపలేదు. బండిని వెనక్కి తిప్పి మళ్లీ గుంట వైపు వచ్చింది. పందెం నడిపేవాళ్లు ఈలలు వేస్తున్నారు. వినిపించుకోకుండా నీళ్ల మధ్యలోకి పోయి నిలిపింది. ఇంజన్ మాత్రం ఆపలేదు. హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుని, నడిచే ఆ బండి మీద నీళ్ల నడుమ ఊరికే కూర్చుంది.

భర్త సంచి కింద పెట్టేశాడు. అదే సమయానికి అతని ఫోను మోగింది. ఎవరో చూసి, గబుక్కున నా చేతిలో పెట్టాడు. "సైనిక్‌పురి ఆయన అంకుల్. మీరే మాట్లాడుండ్రి" అని, బూట్లతోనే నీళ్లలోకి దిగి ఆమె వైపు పోయాడు.

"హలో, రేపు పొద్దుగాల బండి కోసం రావాల్నా?" అన్నది ఫోను. "పందెమయిపోయిందా? బండేడున్నది?"

"నీళ్లల్ల ఉన్నది సార్" అన్నాను.

"అయ్యో, మళ్ల ఆగిపోయిందా?"

"లేదు సార్. నడుస్తుంది. జర మీరే వినుండ్రి" అని, ఫోనును ఆ గుంట వైపు చాపి పట్టుకున్నాను.